పన్ను లేని వడ్డీకి లెక్క

మన పల్లెలలో మాన్యము అను మాట నెరుగనివారుండరు. పూర్వము రాజులు దేవాలయములకును, పండితులకును, గ్రామసేవకులకును భూములిచ్చి వానిపై పన్ను తీసివేసెడివారు. సర్వమాన్యమనగా ఏ పన్నును లేని భూమి. పన్ను లేదు గదా యని ఆ భూమిని లెక్కలోనుండి విడిచిపెట్టుట మాత్రము లేదు. దాని యెల్లలను శిలలపై చెక్కించిరి, రాగిరేకులపై వ్రాయించిరి. 1858వ సంవత్సరమున చెన్నపట్టణపు ప్రభుత్వము ఇనాము కమిషను నేర్పరచి, ఊరూరి ఇనాములను విచారింపజేసి, రిజిస్టరులలో ఎక్కించి, హక్కు నిలిచినవారికి పట్టాలిప్పించెను. భూమి తగాదాలలో ఆ రిజిస్టరులను నేటికిని న్యాయస్థానములలో సాక్ష్యముగా చూపుచున్నారు. పన్ను పోయినను పద్దు పోలేదు.

ఇదే మర్యాద అమెరికా సంయుక్త రాష్ట్రములలో వడ్డీ విషయమున ఎట్లేర్పడినదో, అచ్చట ఆ లెక్క తప్పినపుడు తేడాను ఎట్లు పట్టుకొనవలెనో, ఈ పూట నేను మీకు విన్నవింపదలచినాను. దూరదేశపు గొడవ మనకేల యని మీరనవచ్చును. 1965వ సంవత్సరమున ఆ దేశము తన వలసచట్టమును మార్చిన పిమ్మట మన ప్రాంతముల వైద్యులును, ఇంజనీర్లును అనేకులచ్చటికి పోయి స్థిరపడిరి. వారిలో మొదట వెళ్లినవారు నేడు ఉద్యోగములు విరమించిన వృద్ధులు. కావున నేను చెప్పబోవు లెక్క మన బంధువుల ఇండ్లలోని లెక్కయే కావచ్చును.

ఆ దేశమున పురములును, జిల్లాలును, రాష్ట్రములును మంచినీటి గొట్టములు వేయుటకు, బడులు కట్టుటకు, వంతెనలు నిర్మించుటకు ప్రజలవద్ద అప్పు తీసికొని పత్రములు వ్రాసి యిచ్చుచుండును. వానిని మునిసిపల్ బాండ్లందురు. వానిలో అధికభాగముపై వచ్చు వడ్డీకి కేంద్రప్రభుత్వపు ఆదాయపుపన్ను లేదు. పన్ను లేదు గనుక అప్పిచ్చినవాడు తక్కువ వడ్డీకే సమ్మతించును. ఊరికి అప్పు చౌకగా దొరకును. మినహాయింపులోని కిటుకంతయు ఇదియే.

ఇది ఒకనాడు పుట్టినది కాదు. 1894లో ఆ దేశపు శాసనసభ, నాలుగువేల డాలర్లకు మించిన ఆదాయముపై నూటికి రెండు చొప్పున పన్ను విధించెను. 1895లో పోలక్ అను నతని వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఆ చట్టమును కొట్టివేయుచు, రాష్ట్రముల, పురముల బాండ్ల వడ్డీపై పన్ను వేయుటకు కేంద్రమునకు అధికారము లేదని తీర్పు చెప్పెను. 1913లో రాజ్యాంగమునకు 16వ సవరణ జరిగి ఆదాయపుపన్ను మరల వచ్చినది. అయినను ఆ యేటి పన్ను చట్టమే బాండ్ల వడ్డీని మినహాయించెను. 1920 తరువాతి యేండ్లలో ఖజానా కార్యదర్శిగా నుండిన ఆండ్రూ మెలన్, ధనికులు పన్ను తప్పించుకొనుటకు ఈ బాండ్ల చాటున చేరుచున్నారని, మినహాయింపు తొలగింపవలెనని వాదించెను. ఆయన వాదము నెగ్గలేదు. తుదకు 1988లో దక్షిణ కారొలీనా రాష్ట్రము తెచ్చిన వ్యాజ్యమున సుప్రీముకోర్టు, ఈ వడ్డీపై పన్ను వేయరాదని రాజ్యాంగమున ఎచ్చటను లేదని పలికి, 1895 నాటి మాటను త్రోసివేసెను. నేడు ఆ మినహాయింపు నిలిచియున్నది శాసనసభ దయవలననే గాని రాజ్యాంగబలమువలన గాదు.

ఈ లోపల మరియొక మార్పు జరిగినది. అచ్చట వృద్ధులకు ప్రభుత్వమిచ్చు పింఛనును సోషల్ సెక్యూరిటీ యందురు. 1983 నాటి చట్టము, 1984 మొదలుకొని ఆ పింఛనులో కొంతభాగముపై పన్ను వేయవచ్చుననెను. ఎవరిపై వేయవలెనో తేల్చుటకు ఒక కొలత పెట్టెను: పింఛనులో సగము, ఇతరాదాయము, వీనికి తోడు పన్ను లేని వడ్డీ, ఈ మూడును కలిపి ఒంటరివానికి 25,000 డాలర్లు, ఉమ్మడిగా లెక్క చూపు దంపతులకు 32,000 డాలర్లు దాటినచో పింఛనుపై పన్ను ప్రసక్తి వచ్చును. ఇన్ని యేండ్లు గడచినను ఆ హద్దులు మారలేదు. 1986 నాటి చట్టము, 1987 మొదలు పన్ను లేని వడ్డీని సైతము దాఖలాకాగితముపై చూపవలెనని విధించెను. 2006 నుండి బ్యాంకులును, దలాలులును తాము చెల్లించిన అట్టి వడ్డీని ప్రభుత్వమునకు నేరుగా తెలుపవలసి వచ్చెను. అనగా ఇంటివాడు వ్రాసిన అంకె యొకటి, దలాలు పంపిన అంకె యొకటి, రెండును ప్రభుత్వము చేతికి చేరుచున్నవి. అవి పొసగనిచో ప్రశ్న పుట్టును.

కంప్యూటరుద్వారా పన్ను దాఖలు చేయుట అచ్చట 1986లో మూడు ప్రాంతములలో పరీక్షార్థము మొదలైనది. అటుపిమ్మట ఇంట కూర్చుండియే లెక్క తేల్చుకొను సాఫ్ట్‌వేరులు వ్యాపించినవి. యంత్రము కూడికలో తప్పదు. అయితే ఏ పద్దు ఏ గడిలో చేరవలెనో చెప్పవలసినవారము మనమే. అందుచేత, దలాలు కాగితములను కూడగా వచ్చిన మొత్తమొకటియు, దాఖలాకాగితమున 2ఎ అను వరుసలో సాఫ్ట్‌వేరు చూపు మొత్తము వేరొకటియు నగుట తరచుగా జరుగును. తేడా యున్నంతమాత్రమున తప్పున్నదని తలపరాదు. తేడా లేనంతమాత్రమున ఒప్పనియు తలపరాదు.

తేడా వచ్చు దారులు ముఖ్యముగా నాలుగు. మొదటిది, హెచ్చుధర. నూరు డాలర్ల బాండును నూటయైదింటికి కొన్నవానికి గడువు తీరినపుడు నూరే చేతికి వచ్చును. ఆ యైదింటిని ఏటేట కొంతకొంతగా వడ్డీలో తగ్గించుకొనవలెను. దలాలు పంపు 1099 ఐ.ఎన్.టి. అను కాగితమున 8వ గడిలో వడ్డీయు, 13వ గడిలో ఈ తగ్గింపును ఉండును. కొందరు దలాలులు ముందే తగ్గించి 13వ గడిని ఖాళీగా విడుతురు. అప్పుడు మరల తగ్గింపరాదు. రెండవది, నడిమి వడ్డీ. నాట్లైన పొలమును కొన్నవాడు అమ్మినవానికి అప్పటి పెట్టుబడి చెల్లించునట్లు, రెండు వడ్డీగడువుల నడుమ బాండు కొన్నవాడు అప్పటివరకైన వడ్డీని అమ్మినవానికి చెల్లించును. అది తన రాబడి కాదు గనుక తీసివేయవలెను. మూడవది, ఈ బాండ్లు కొను ఉమ్మడినిధుల లాభాంశములు. అవి 1099 డి.ఐ.వి. అను వేరు కాగితమున వచ్చును. మొదటి కాగితము మాత్రమే చూచినవానికి కానరావు. నాలుగవది, 9వ గడి. కొన్ని ప్రత్యేక బాండ్ల వడ్డీని అందులో విడిగా చూపుదురు. అది 8వ గడిలో చేరియే యున్నది. తిరిగి కూడినచో ఒకే పద్దు రెండుమార్లు పడును.

ఒక లెక్క కల్పించి చూతము. 8వ గడిలో 4,000 డాలర్లు, నిధి లాభాంశము 900, హెచ్చుధర తగ్గింపు 250, నడిమి వడ్డీ 150, 9వ గడిలో 300 అనుకొనుడు. సరియైన మొత్తము 4,500. సాఫ్ట్‌వేరు 5,200 చూపినది. తేడా 700. ఇచ్చట మన కరణముల పద్ధతియే పనికివచ్చును. ఆ యుద్యోగము 1984లో రద్దయినను ఆ విద్య పాతబడలేదు. తేడాను ఒక్క ముద్దగా చూడక, కాగితములలోని అంకెలతో విడదీయవలెను. 700లో 250 తీసిన 450. అందు 150 తీసిన 300. ఆ మూడువందలు 9వ గడిలోని అంకెయే. తగ్గింపవలసిన రెండు పద్దులు తగ్గలేదు, ఒక పద్దు రెండుమార్లు పడినది. తేడా పూర్తిగా కరగినది.

ఏడువందల డాలర్లే గదా, దానిపై పన్నైనను లేదు గదా యని ఉపేక్షింపవచ్చునా? ఒక వృద్ధదంపతుల పింఛను 24,000 డాలర్లు, అందు సగము 12,000, ఇతరాదాయము 15,000. సరియైన వడ్డీ 4,500 చేర్చినచో 31,500, హద్దులోపలనే యున్నారు. తప్పు వడ్డీ 5,200 చేర్చినచో 32,200, హద్దు దాటినారు. పింఛనులో కొంత పన్ను లెక్కలోకి ఎక్కును. ఈ లెక్కలో ఎక్కునది కొంచెమే. ఇతర మినహాయింపులవలన పన్ను పడకయు పోవచ్చును. కలవారి విషయమున ఇట్లు కాదు. 2007 నుండి, ఆదాయము హెచ్చుగానున్న వృద్ధులు ప్రభుత్వ వైద్యబీమాకు హెచ్చు చందా చెల్లింపవలసియున్నది. ఆ కొలతలోను పన్ను లేని వడ్డీ చేరును. హద్దును ఒక్క డాలరు దాటినను ఏడాది పొడవున చందా పెరుగును.

మనకును ఇట్టి మర్యాద కలదు. 1886 నాటి చట్టమునుండి సేద్యపు రాబడిపై కేంద్రపు ఆదాయపుపన్ను లేదు. అయినను కె.ఎన్. రాజ్ అధ్యక్షతనున్న సంఘపు సిఫారసుననుసరించి 1973 నాటి ఫైనాన్సు చట్టము, ఇతరాదాయము గూడ గలవారి పన్నురేటు తేల్చుటకు సేద్యపు రాబడిని లెక్కలో చేర్చుకొనెను. పన్ను లేని రాబడి ప్రక్కనున్న రాబడి బరువును పెంచుట అచ్చటను, ఇచ్చటను ఒక్కటే.

కావున విదేశమునుండి మీ పిల్లలుగాని, తోబుట్టువులుగాని పండుగకు వచ్చి, యంత్రము లెక్క చేసినది, ఇక చూడనక్కరలేదన్నచో, ఒక్క మాట అడుగుడు: కాగితములన్నియు కూడితివా, తేడా యెంత, ఆ తేడా ఏయే పద్దులది? ఈ మూడింటికి బదులు దొరకినపుడే ఆ లెక్కపై చేవ్రాలు చేయదగును.