వెలివేతకు రూపమిచ్చిన శిల్పం



శిల్పమనగానే మనవారికి రామప్పగుడి మదనికలు, లేపాక్షి బసవన్న, అమరావతి స్తూపఫలకాలు మనసులో మెదలుతాయి. రాయి, ఉలి, సుత్తి లేనిదే శిల్పం లేదని మన భావన. సంస్కృతంలో 'శిల్ప' శబ్దానికి ఇంతటి సంకుచితార్థం లేదు. చేతినైపుణ్యంతో కూడిన ఏ కళనైనా పూర్వులు ఆ మాటతోనే వ్యవహరించారు. ఈ విశాలార్థాన్ని దృష్టిలో పెట్టుకొని, ఒక మహానగరం తన ప్రజలను రంగును బట్టి విడదీసిన తీరును ఒక నేలమీద, కొన్ని వీధిపలకలతో, ఒక గుడ్డపీలికతో పటంగా మలచుకొన్న ఉదంతాన్ని ఈ వ్యాసంలో వివరించదలచాను. ఆ నగరం దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్. ఆ పేట పేరు డిస్ట్రిక్ట్ సిక్స్.

ముందుగా పేట చరిత్ర. టేబుల్ మౌంటెన్ పాదం దగ్గర, ఓడరేవుకు నడిచి పోగలిగినంత దూరంలో ఉన్న ఈ ప్రాంతాన్ని 1867లో నగరపాలనలో ఆరవ విభాగంగా ఏర్పరచారు. పేరు అంత పొడిగా పుట్టింది. కాని అందులో నివసించిన జనం మాత్రం ఒక్క మూసలో ఒదిగేవారు కారు. బానిసత్వం నుంచి విముక్తులైన వారి సంతతి, కేప్ మలయులని పిలువబడే ముస్లిములు, రేవు కూలీలు, కుట్టుపనివారు, తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చిన యూదులు, షోసా భాషీయులైన ఆఫ్రికనులు, కొద్దిమంది భారతీయ వర్తకులు ఇరుగుపొరుగుగా బ్రతికారు. హనోవర్ వీధి ఆ పేటకు వెన్నెముక. ఇళ్లలో చాలా భాగం అద్దె ఇళ్లే. ఇరుకు ఎక్కువ, మరమ్మతులు తక్కువ. పేదరికమూ ఉన్నది, రౌడీమూకలూ ఉన్నవి. అది స్వర్గమని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఎవరి పక్కన ఎవరుండాలో రాజ్యం నిర్ణయించని చోటు అని మాత్రమే నా మనవి.

1948లో నేషనల్ పార్టీ అధికారానికి వచ్చింది. ఆఫ్రికాన్స్ భాషలో 'అపార్టైడ్' అంటే వేరుగా ఉండడం, వేరుతనం. 1950లో రెండు చట్టాలు వచ్చాయి. మొదటిది ప్రతి మనిషినీ ఒక జాతివర్గంలో నమోదు చేసింది. రెండవది, గ్రూప్ ఏరియాస్ చట్టం, ప్రతి వర్గానికీ నివాసప్రాంతాన్ని కేటాయించింది. మొదటిది మనిషికి ముద్ర వేస్తే, రెండవది నేలకు ముద్ర వేసింది. ఈ రెండవ పనికి కావలసిన ప్రధాన సాధనం తుపాకి కాదు, పటం. అధికారి బల్లమీద పరచుకొన్న నగరపటంపై గీతలు గీస్తాడు. ఇది తెల్లవారిది, ఇది కలర్డ్ అని పేరుపెట్టిన మిశ్రమజాతివారిది, ఇది భారతీయులది, ఇది ఆఫ్రికనులది. ఒక భాగానికీ మరొక భాగానికీ నడుమ రైలుపట్టాలో, వెడల్పాటి రహదారియో, ఖాళీ బయలో హద్దుగా నిలుపుతారు. ఆ పటంలో ఇళ్లు ఉంటాయి గాని ఇంటివారు ఉండరు.

1966 ఫిబ్రవరి 11న డిస్ట్రిక్ట్ సిక్స్‌ను తెల్లవారి ప్రాంతంగా ప్రకటించారు. 1968 మొదలుకొని 1980ల ఆరంభం వరకు అరవైవేల మందికి పైగా జనాన్ని అక్కడినుంచి తరలించారు. ఎక్కువమందిని కేప్ ఫ్లాట్స్ అనే ఇసుకబయళ్లకు, పాతిక కిలోమీటర్ల వరకు దూరానికి, పంపివేశారు. నడిచి పనికి పోయే మనిషి ఇప్పుడు రైలు కోసం కాచుకోవలసి వచ్చింది. ఒకే వీధిలో ఉన్న బంధువులు వేర్వేరు వర్గాలుగా నమోదైతే వేర్వేరు మూలలకు చెదరిపోయారు. ఇళ్లను బుల్డోజర్లు నేలమట్టం చేశాయి. మసీదులనూ చర్చిలనూ మాత్రం ముట్టలేదు. చుట్టూ ఊరు లేకుండా గుడి మాత్రం మిగిలిన దృశ్యాన్ని ఊహించుకోండి. పేరును కూడా తుడిచివేయాలని ఆ చోటికి జోన్నెబ్లూమ్ అని, అక్కడ ఒకప్పుడున్న వ్యవసాయక్షేత్రం పేరు పెట్టారు. డచ్చి భాషలో ఆ మాటకు పొద్దుతిరుగుడు పువ్వని అర్థం. ఆ నేలలో కొంతభాగంలో ఒక సాంకేతిక కళాశాల వెలసింది. తక్కినది చాలావరకు దశాబ్దాలపాటు బీడుగానే ఉండిపోయింది.

ఇక ప్రస్తుతాంశానికి వస్తాను. 1994లో దక్షిణాఫ్రికాలో అందరికీ ఓటుహక్కుతో తొలి ఎన్నికలు జరిగాయి. ఆ ఏడాదే డిసెంబరు 10న, బైటెన్‌కాంట్ వీధిలోని ఒక పాత మెథడిస్టు చర్చి భవనంలో డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియం తెరుచుకొన్నది. తొలి ప్రదర్శన పేరే 'వీధులు'. కొద్దిరోజులకని పెట్టిన ఆ ప్రదర్శన జనం రాక ఆగకపోవడంతో శాశ్వతమైపోయింది.

ఆ ప్రదర్శన నిర్మాణాన్ని కొంచెం వివరంగా చూద్దాం. మందిరం నేలమీద పేట పటాన్ని చేతితో చిత్రించారు. వీధులు, సందులు, మలుపులు అన్నీ ఉన్నాయి. దానిపై పారదర్శకమైన పొర వేసి, పూర్వనివాసులను పిలిచి, మీ ఇల్లు ఎక్కడో మీరే రాయండి అన్నారు. వచ్చినవారు మోకాళ్లమీద వంగి, వేలితో వీధి పట్టుకొని పోయి, తమ ఇంటిచోట తమ కుటుంబం పేరు రాశారు. పటం పైన, చర్చి కప్పునుంచి, పాత వీధుల నామఫలకాలను నిలువు వరుసలుగా వ్రేలాడదీశారు. ఈ పలకల కథ విచిత్రమైనది. కూల్చివేతను పర్యవేక్షించిన ఒక తెల్ల అధికారి వాటిని శిథిలాలతో పాటు పారవేయక, ఏళ్లతరబడి తనవద్ద దాచి, చివరికి మ్యూజియంకు అప్పగించాడు. కూల్చిన చేతులే దాచాయన్నమాట. మూడవది నామవస్త్రం. తెల్లని గుడ్డమీద సందర్శకులు తమ పేర్లూ జ్ఞాపకాలూ రాస్తే, వాటిని తరువాత దారంతో కుట్టారు. ఆ గుడ్డ ఏటేటా పెరుగుతూ పోయింది.

దీనిని నేను శిల్పమంటున్నది ఊరకే కాదు. అధికారి పటాన్ని పైనుంచి చూడవలసినదే గాని అందులోకి దిగడానికి వీలులేదు. ఈ పటంలోకి మనిషి పాదాలతో ప్రవేశిస్తాడు. అధికారి పటం పూర్తి అయిన నాడు జనం వెళ్లిపోవాలి. జనం వస్తేగాని ఈ పటం పూర్తి కాదు. ఒకే నగరం, ఒకే వీధులు. గీసిన చేయి మారేసరికి పటం అర్థం తలక్రిందులైంది. 1997లో భూహక్కుల న్యాయస్థానం ఒక విచారణను ఈ మ్యూజియంలోనే జరపడం కాకతాళీయం కాదు. పోగొట్టుకొన్న భూమి తిరిగి ఇప్పించే 1994 నాటి చట్టం సొంతదారులనే గాక అద్దెకున్నవారి హక్కునూ గుర్తించింది. కనుక 'నేనిక్కడ ఉన్నాను' అన్న మాట జ్ఞాపకంగా మొదలై హక్కుగా పరిణమించింది.

కళాకారులు ఇంతకుముందే ఈ శిథిలాలను చేతికెత్తుకొన్నారు. సూ విలియమ్సన్ అనే కళాకారిణి 1981లో, కూల్చివేతలు ఇంకా జరుగుతున్నప్పుడే, కూలిన ఇళ్ల రాళ్లురప్పలను తెచ్చి కేప్‌టౌన్‌లోని ఒక ప్రదర్శనశాలలో కుప్పగా పెట్టింది. 1993లో ఆమె, ఆ నేలలో దొరికిన చిన్నచిన్న వస్తుశకలాలను పారదర్శకమైన రెసిన్ దిమ్మెలలో పొదిగి, ఆ దిమ్మెలతో ఒక చిన్న గదిని కట్టింది. ఇటుకకు బదులు జ్ఞాపకమన్నమాట.

అయితే ఏ పటమైనా ఏదో ఒకటి దాచుతుంది. ఈ పటాన్నీ మనం ప్రశ్నించాలి. 1901లో కేప్‌టౌన్‌లో ప్లేగు వచ్చినప్పుడు, రోగం పేరు చెప్పి, ఆఫ్రికనులను ఈ పేటనుంచే బలవంతంగా ఊరి వెలుపలికి తరలించారు. అది బ్రిటిషువారి ఏలుబడి. అపార్టైడ్ అన్న మాట రాజ్యం నోట ఇంకా పుట్టలేదు. 1966 నాటి వెలివేతకు 1901 తొలిపాఠం. మొదట వెళ్లగొట్టబడినవారి పేర్లు రాయడానికి 1994లో ఎందరు మిగిలి ఉంటారు? పేరు రాయగలిగినవారి పటంలో పేరు రాయలేకపోయినవారి చోటు ఖాళీగా కనబడుతుంది. ఆ ఖాళీని కూడా చదవడం నేర్చుకోవాలి.

ఈ కథలో మన తెలుగువారికి సంబంధం లేదనుకోవద్దు. 1860 నవంబరు 16న మద్రాసునుంచి బయలుదేరిన 'ట్రూరో' ఓడ డర్బన్ రేవుకు చేరింది. అది మొదలు 1911 వరకు సుమారు 1,52,000 మంది ఒప్పంద కూలీలు నేటాల్ చెరకుతోటలకు వెళ్లారు. వారిలో విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాడు జిల్లాల తెలుగువారు ఎందరో ఉన్నారు. 1931లో వారి సంతతి అక్కడ ఆంధ్ర మహాసభను స్థాపించుకొన్నది. డర్బన్ దగ్గరి కేటో మేనర్‌లో భారతీయులు కూరతోటలు పెంచి, గుళ్లు కట్టుకొని స్థిరపడ్డారు. 1958లో దానిని తెల్లవారి ప్రాంతంగా ప్రకటించారు. వేలకొలది కుటుంబాలు చాట్స్‌వర్త్ అనే కొత్త భారతీయ వాడకు తరలిపోయాయి. కేప్‌టౌన్ పటంపై గీసిన గీతా, డర్బన్ పటంపై గీసిన గీతా ఒకే చట్టానివి. సముద్రం దాటిపోయిన మనవారి ఇంటిపేర్ల మీదుగా కూడా ఆ గీత నడిచింది.

తెలుగు పండితుడినిగా ఒక మాట చెప్పకుండా ఉండలేను. మన భాషలో 'వెలి' అంటే బయట. వెలుపల, వెలివేత, వెలివాడ అన్నీ ఆ కుదుటినుంచి మొలిచినవే. ఆ మ్యూజియం ఉన్న బైటెన్‌కాంట్ వీధి పేరుకు కూడా డచ్చిలో 'వెలుపలి వైపు' అనే అర్థం. భాషలు వేరైనా హద్దు గీసే మనసు ఒక్కటే. మన ఊళ్లలో ఏ చట్టమూ రాయకుండానే, ఏ అధికారీ పటం గీయకుండానే ఊరు ఒకచోట, వాడ ఒకచోట నిలిచాయి. అక్కడ ఆ గీతకు తేదీ ఉన్నది, సంతకం ఉన్నది. కనుక దానిని రద్దు చేయడమూ సాధ్యమైంది. తేదీ లేని గీతను రద్దు చేయడం మరింత కష్టం. ముందు దానిని కంటికి కనబడేట్టు చేయాలి. బడిపిల్లలు తమ ఊరి పటాన్ని నేలమీద గీసి, బావి ఎవరిది, గుడి ఎటు, వాడ ఏ దిక్కున అని గుర్తించి, ప్రతి ఇంటివారిని పిలిచి పేరు రాయమంటే ఎంత చరిత్ర బయటపడుతుందో!

డిస్ట్రిక్ట్ సిక్స్‌లో పునరావాసం మాత్రం చాలా నిదానంగా సాగింది. 2004 ఫిబ్రవరి 11న ఎనభై ఏళ్లు దాటిన ఇద్దరు వృద్ధులు, మొదటిగా తిరిగివచ్చినవారు, నెల్సన్ మండేలా చేతులమీదుగా ఇంటి తాళంచెవులు అందుకొన్నారు. 2019లో ఆ ప్రాంతానికి డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేరు అధికారికంగా తిరిగి వచ్చింది. ఫిబ్రవరి 11 స్మరణదినంగా నిలిచింది. ఆనాడు పూర్వనివాసులు ఆ బీడునేలకు నడిచిపోయి, తలా ఒక రాయి తెచ్చి ఒకచోట పేరుస్తారు. దానికి స్థపతి లేడు, ఉలి లేదు. రాయి పెట్టినవారు పోయినా, పెట్టిన రాయి అక్కడే ఉంటుంది.