ఆకాశం నుండి పల్లె సభకు

ఊరిలో సభ జరుపవలెనన్న ఒక వేదిక, ఒక మైకు, నాలుగు దీపాలు చాలునని మనం అనుకుంటాము. కాని వెనుక నిలిచినవానికి వక్త ముఖం కనబడదు. మాట కూడ కొంత ఆలస్యంగానే చేరుతుంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే పోగలదు గదా! మరి ఒకే కార్యక్రమాన్ని ఒకే వేళకు వందలాది పల్లెలలో చూపి వినిపించవలెనన్న ఎట్లా? 1975లో మహబూబ్‌నగర్ జిల్లా ఈ ప్రశ్నకు ఒక జవాబును చూచినది. ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరిన కల్వకుర్తి ఆనాడు ఆ జిల్లాలోనిదే.

ఆ జవాబు పేరు ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం, క్లుప్తంగా 'సైట్'. డాక్టర్ విక్రమ్ సారాభాయి పూనికతో 1969లో మన అణుశక్తి శాఖకు, అమెరికా అంతరిక్ష సంస్థ 'నాసా'కు ఒప్పందం కుదిరినది. ఫలితాన్ని చూడకుండానే 1971లో ఆయన కన్నుమూసినారు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఆరు రాష్ట్రాలలోని 20 జిల్లాలలో, దాదాపు 2,400 గ్రామాలకు ప్రసారాలు సాగినవి. ఆంధ్రప్రదేశ్ నుండి హైదరాబాదు, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలను ఎన్నుకొన్నారు.

ఇందులోని ఉపాయం చిన్నదే గాని చాల తెలివైనది. అంతకు పూర్వం ఉపగ్రహ సంకేతాలు బలహీనంగా ఉండేవి. వాటిని అందుకొనుటకు భూమిపై బ్రహ్మాండమైన కేంద్రాలు కట్టవలసివచ్చేది. సైట్‌లో ఈ భారాన్ని ఆకాశానికి ఎత్తినారు. ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం దాదాపు 9 మీటర్ల వెడల్పుగల గొడుగును అంతరిక్షంలో విప్పుకొని, తన శక్తిని మన దేశంవైపు కేంద్రీకరించినది. అందువలన పల్లెలో 3 మీటర్ల పళ్ళెం ఒకటి సరిపోయినది. దానినైనా రేకుతో చేయలేదు. కోళ్ళ దొడ్లకు కట్టే ఇనుప జాలీతో చేసినారు! జాలీలోని రంధ్రాలగుండా తరంగాలు జారిపోవా అని విద్యార్థులు అడుగవచ్చును. ప్రసారపు పౌనఃపున్యం 860 మెగాహెర్ట్‌జ్. కాంతివేగాన్ని దీనితో భాగిస్తే తరంగదైర్ఘ్యం సుమారు 35 సెంటీమీటర్లని తేలుతుంది. అంత పొడవైన తరంగానికి జాలీ కన్నులు కన్నులే కావు. అది నున్నని గోడవలెనే పనిచేస్తుంది.

ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన, 35 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉండేది. లెక్క కట్టి చూస్తే, కల్వకుర్తి ప్రాంతంలో పళ్ళెం పడమరకు, కొంచెం దక్షిణంగా తిరిగి, క్షితిజానికి సుమారు 37 డిగ్రీల ఎత్తున చూడవలెను. ఆ దిక్కున చెట్టో మేడో అడ్డం ఉండరాదు.

ఒక బొమ్మతోపాటు రెండు ధ్వనులను పంపే వీలుండుట మరొక విశేషం. ఒకే దృశ్యానికి తెలుగు మాట ఒకవైపు, కన్నడం మాట మరొకవైపు వినిపించవచ్చును.

అహమ్మదాబాదు భూకేంద్రం నుండి సంకేతం పైకి పోయి పల్లెకు దిగుటకు పావు సెకను చాలు. ఆ పావు సెకనులో పల్లెలోని లౌడుస్పీకరు ధ్వని 85 మీటర్లయినా సరిగా దాటదు. అనగా ఆకాశయాత్ర అంతటికీ పట్టే కాలం, ఊరి సభలో చివరి వరుసవానికి మాట చేరుటకు పట్టే కాలం ఇంచుమించు ఒకటే!

అయితే యంత్రం వచ్చినంతమాత్రాన సభ కాదు. పాఠశాల, పంచాయతీ కార్యాలయంవంటి నలుగురు చేరే చోట సెట్టు ఉంచినారు. దాని తెర 24 అంగుళాలది. ఊరంతా కూడితే వెనుకవారికి మళ్ళీ పాత కష్టమే. సెట్టును వేళకు తెరిచి, మూసి, కాపాడే బాధ్యత చాలచోట్ల బడిపంతులుపై పడినది. సెట్టు చెడితే మరమ్మతువారు వచ్చేవరకు ఆ ఊరికి ఆకాశంలోని ఉపగ్రహం ఉన్నా లేనట్లే.

ఇంకొక లోపం యంత్రానిది కాదు. సభలో లేచి ప్రశ్న అడుగవచ్చును; తెరను అడుగలేము. అది అత్యవసర పరిస్థితి కాలమని కూడ గుర్తుంచుకొనవలెను. ఒకేవైపు మాటాడే సాధనం ఎంత అద్భుతమైనా, దానిని సభ అనుట కొంత అతిశయోక్తియే. ఉపాధ్యాయుల శిక్షణలో మాత్రం ఈ లోపాన్ని కొంత పూడ్చినారు. 12 దినాల తరగతులు రెండు పర్యాయాలు జరిపి, ఆరు రాష్ట్రాలలో దాదాపు 48,000 మంది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధన నేర్పినారు. అందులో టెలివిజన్ పాఠంతోపాటు రేడియో, చేతితో చేసే ప్రయోగాలు, చర్చ కూడ ఉన్నవి.

ఏడాది గడువు తీరగానే అరువు ఉపగ్రహం తరలిపోయినది. 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైనా, నేలమీది ప్రసారిణికి దూరం, గుట్టలు హద్దులే. 1983లో మన ఇన్సాట్-1బి ఆకాశానికి ఎక్కినది. దాని స్థానం 74 డిగ్రీల తూర్పు. దానిని అందుకొనవలెనన్న, ఒకనాడు పడమరకు తిరిగిన కల్వకుర్తి సీమ పళ్ళెం ఇంచుమించు దక్షిణానికి తిరిగి, 70 డిగ్రీల ఎత్తున, దాదాపు నడినెత్తికి చూడవలసివచ్చినది.