పద్దు ఎవరి చేతిలో ఉంది?

యానాదికి రూపాయి దొరికితే ఆ పూటే ఖర్చయిపోతుందనీ, రేపటి మాట అతనికి పట్టదనీ మా గూడూరు చుట్టుపక్కల ఊళ్ళల్లో ఇప్పటికీ అంటుంటారు. బడిలో పనిచేసే మాకు ఈ మాట స్టాఫ్ రూములో కూడా వినపడుతుంది. పిల్లవాడు నోటు పుస్తకం తేకపోతే చాలు, "వాళ్ళకు పొదుపు తెలియదు" అని ఎవరో ఒకరు తేల్చేస్తారు. చదువుకుంటున్న మన పిల్లలు కూడా కొందరు ఈ మాటను నమ్మేస్తున్నారు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాం. మా పెద్దలు తక్కువ రాబడితో ఇల్లు ఎట్లా గడిపారో, ఆ లెక్క వాళ్ళ చేతుల్లోంచి ఎప్పుడెప్పుడు జారిపోయిందో చూద్దాం.

గూడూరు 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లా. అప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. జిల్లా పేరు మారినా కాలనీలు అవే, కాలువ గట్లు అవే, నిమ్మతోటలూ అవే.

మొదట పాత రోజుల కొట్టు సంగతి చెప్పుకోవాలి. మా ఇళ్ళల్లో గాదెలు లేవు, కుండలే ఉండేవి. గాదె లేదు కాబట్టి దాచుకోవడం తెలియదని ఊరివాళ్ళు అనుకున్నారు. మా ప్రాంతంలో పెద్ద వానలు ఐప్పసి, కార్తీక మాసాల్లో పడతాయి. ఆ ముసురులో కూలి పని ఉండదు, పొయ్యిలోకి ఎండు పుల్ల దొరకదు. అందుకని ఎండల కాలంలోనే కాలువల్లో, గుంటల్లో పట్టిన చేపల్లో కొన్ని ఉప్పు పట్టించి ఎండబెట్టేవాళ్ళు. చింతపండు ముద్ద చేసి పెట్టుకునేవాళ్ళు. గెంజిలోకి ఒక ఎండు చేప కాల్చుకుంటే ఆ పూట గడిచినట్టే. నెలకు ఎన్ని పూటలు, ఇంట్లో ఎన్ని నోళ్ళు, కుండలో ఎన్ని చేపలు అనే లెక్క మా అవ్వలకు నోటికి వచ్చు. కాగితం మీద లేదు కాబట్టి దాన్ని ఎవరూ లెక్క అనలేదు.

ఎలుకల పట్టుబడి కూడా అట్లాంటిదే. దీని గురించి మన పిల్లలు సిగ్గుపడుతుంటారు, సిగ్గుపడాల్సిన పని లేదు. మాఘ, ఫాల్గుణ మాసాల్లో వరి కోతలు అయ్యాక గట్ల బొరియల్లో ఎలుకలూ పందికొక్కులూ మోసుకెళ్ళి దాచిన కంకులు ఉంటాయి. కుండ అడుగున చిన్న చిల్లి పెట్టి, లోపల గడ్డి కూరి నిప్పు పెట్టి, కుండ మూతిని బొరియకు ఆనించి చిల్లి దగ్గర నోటితో ఊదుతారు. మిగతా కన్నాలన్నీ ముందే మట్టితో మూసేస్తారు. పొగ లోపలికి పోతుంది, ఎలుక దొరుకుతుంది. ఆ తర్వాత తవ్వితే కంకులు. రైతుకు పంట నష్టం తగ్గుతుంది, మా ఇంటికి కూరా గింజా రెండూ వస్తాయి. పొగ ఊది ఊది కళ్ళూ ఊపిరితిత్తులూ పాడైన వాళ్ళు మా కాలనీల్లో ఇప్పటికీ ఉన్నారు. ఆ ఖర్చు మాత్రం ఏ రైతు లెక్కలోకీ ఎక్కలేదు.

పొలం కాపలా, చెరువు కాపలా, కట్టెలు కొట్టడం లాంటి పనులకు కళ్ళంలో మేర కొలిచేవాళ్ళు. కుంచం ఎవరి చేతిలో ఉందో కొలత వాళ్ళదే. కుంచం పైన ధాన్యాన్ని కుప్పగా వదలడానికీ, అరచేత్తో చదును చేసి కొట్టేయడానికీ ఎంత తేడానో కొలిపించుకున్న వాళ్ళకే తెలుసు.

ఈ కొలత సంగతి పెద్ద ఎత్తున చూడాలంటే శ్రీహరికోటకు పోవాలి. గూడూరుకు దక్షిణాన సూళ్ళూరుపేట, అక్కడి నుంచి తూర్పుగా పులికాట్ సరస్సు దాటితే ఆ దీవి. మా వాళ్ళు తరతరాలుగా అక్కడి అడవిలో బతికారు. 1835లో ఆ దీవి కంపెనీ ప్రభుత్వం చేతికి వచ్చింది. తేనె, కుంకుళ్ళు, ముష్టి గింజలు, సుగంధిపాల వేరు, చిరివేరు లాంటి అడవి సరుకు మా వాళ్ళు సేకరించి అప్పజెప్పాలి. బదులుగా ధాన్యం, బట్ట, కొద్దిగా డబ్బు ఇచ్చేవాళ్ళు. అంతకుముందు ఒడ్డు నుంచి వచ్చే వ్యాపారులు చేసిన బేరం కూడా ఇట్లాంటిదే. వ్యాపారి పోయి సర్కారు వచ్చినా వేరుకు ఎంత, తేనెకు ఎంత అని చెప్పే నోరు మాది కాలేదు.

చిరివేరు సంగతి కాస్త ఆగి చెప్పాలి. ఇసుక నేలలో పెరిగే సన్నని మొక్క వేరు అది. దాంతో బట్టలకు ఎర్ర రంగు అద్దేవాళ్ళు. మన కోస్తా అద్దకం బట్టలు సముద్రాలు దాటి పోవడానికి ఆ ఎరుపు ఒక కారణం. 1869లో జర్మనీ రసాయన శాస్త్రవేత్తలు ఆ ఎరుపును ప్రయోగశాలలో తయారుచేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. ఆ తర్వాత కొన్నేళ్ళలోనే ఫ్యాక్టరీ రంగు లోకమంతా నిండింది, వేళ్ళ రంగులకు గిరాకీ పడిపోయింది. ఇసుకలో గునపంతో వేరు తవ్వుకునే మనిషికి బెర్లిన్ ఎక్కడుందో తెలియదు. తెలియకపోయినా అతని ఇంటి బడ్జెట్ అక్కడ మారింది. అట్లా రాబడి తగ్గిన ఇంటిని చూసి పొదుపు లేదని ఎట్లా అంటాం?

1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. మా వాళ్ళు చాలామంది దీవి వదిలి ఒడ్డుకు రావాల్సి వచ్చింది. రాకెట్ ఎగిరినప్పుడు మేమూ పిల్లలను ఆరుబయట నిలబెట్టి ఆకాశంలో చూపిస్తాం, చప్పట్లు కొట్టిస్తాం. దానితో పాటు ఈ చరిత్ర కూడా చెప్పాలని తోటి ఉపాధ్యాయులను కోరుతున్నాం. అడవిలో దుంప, తేనె, చేప, కట్టె కొనకుండా దొరికేవి. ఒడ్డుకు వచ్చాక ప్రతిదీ కొనాలి. ఒక్క ఏడాదిలో ఇంటి ఖర్చు స్వభావమే మారిపోయింది. రాబడి మాత్రం కూలి ఒక్కటే.

ఇంకో దెబ్బ అంతకుముందే పడింది. తెల్లదొరల కాలంలో నేరస్థ జాతుల చట్టం కింద మా వాళ్ళ పేర్లు రిజిస్టరుకు ఎక్కించారు. రిజిస్టరులో ఉన్నవాడు ఊరు మారితే చెప్పాలి, పిలిచిన వేళకు హాజరు వేయించుకోవాలి. పక్క తాలూకాలో నాట్లకు మంచి కూలి ఉందని తెలిసినా పోలేడు. పోలేనివాడు ఉన్న ఊళ్ళో ఇచ్చినంత తీసుకోవాలి. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది.

రిజిస్టరు పోయినా అడ్వాన్సు మిగిలింది. పెళ్ళికో చావుకో జబ్బుకో ఆసామి దగ్గర కొంత తీసుకుంటే, అది తీరేదాకా మొగుడూ పెళ్ళాం ఆయన తోటలోనో చెరువు మీదో ఉండిపోవాలి. పద్దు ఆయన పుస్తకంలో ఉంటుంది. పండక్కి ఇచ్చిన బట్ట, జ్వరానికి తెచ్చిన మాత్ర, పనికి రాని రోజు అన్నీ అందులోకి ఎక్కుతాయి. చేసిన పని ఎంతవరకు ఎక్కిందో చదువు లేని మనిషి ఎట్లా చూస్తాడు? వేలిముద్ర వేసిన మొత్తం ఒకటి, చెప్పిన మొత్తం ఒకటి. తండ్రి తీసుకున్న దానికి కొడుకు పనిచేసిన ఇళ్ళు ఉన్నాయి. 1975 అక్టోబరు 25 నుంచి వెట్టిచాకిరీ రద్దయింది, 1976లో చట్టం అయింది. ఆ చట్టం ప్రకారం అట్లాంటి అప్పు తీర్చనక్కరలేదు. కానీ ఆ విషయం కాలనీ దాకా రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఏజెన్సీలో ఉన్న మన అన్నదమ్ములకు 1959 నాటి భూబదలాయింపు నిబంధన ఉంది, 1960 నాటి వడ్డీ వ్యాపారుల నిబంధన ఉంది. అవి షెడ్యూల్డ్ ప్రాంతాలకే వర్తిస్తాయి. మా గూడూరు మైదానం. రాష్ట్రంలో పెద్ద గిరిజన తెగల్లో యానాదులు ఒకరు, అయినా మాలో ఎక్కువమంది ఉన్న ఊళ్ళకు ఆ రక్షణ లేదు. పాడేరు గురించి రాసిన పాఠం చదివి మన పిల్లలు అన్ని చోట్లా అట్లాగే ఉందనుకుంటారు.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాయి. మా ఇళ్ళల్లో దాని విలువ మాటల్లో చెప్పలేం. గింజ కోసం అప్పు చేసే అవసరం తగ్గింది, అడ్వాన్సు తాడు కాస్త వదులైంది. కార్డు ఉన్నవాళ్ళకే సుమా. కాలువ గట్టు మీద గుడిసె వేసుకున్న వాళ్ళకు ఇంటి నంబరు లేదు, నంబరు లేకపోతే కార్డు లేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. అదే కాలంలో 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వమే సారా ప్యాకెట్లు ఊరూరికీ చేర్చింది. బియ్యంలో మిగిలిన రూపాయలు సారా అంగడికి నడిచాయి. ఇచ్చిన చెయ్యీ తీసుకున్న చెయ్యీ ఒకటే అని మా అభిప్రాయం.

దానికి జవాబు నెల్లూరు జిల్లా ఆడవాళ్ళే ఇచ్చారు. 1991లో అక్షరదీపం కార్యక్రమం కింద రాత్రిబడులు మొదలయ్యాయి. 'సీతమ్మ కథ' పాఠం చదువుకున్న ఆడవాళ్ళు తమ ఇళ్ళ లెక్క తామే వేసుకున్నారు. దూబగుంట రోశమ్మతో మొదలైన పోరు జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బులోంచి రోజుకు ఒక రూపాయి దాచుకుందామని అదే జిల్లాలో పొదుపులక్ష్మి గుంపులు పుట్టాయి. రోజుకు రూపాయి అంటే ఏడాదికి 365 రూపాయలు. పదిహేను మంది గుంపుకు 5,475 రూపాయలు. మొదటిసారి పద్దు పుస్తకం ఆడవాళ్ళ ఇంట్లో ఉంది.

మా వాళ్ళు ఆ గుంపుల్లో తక్కువగా చేరారు. దీన్ని కూడా సోమరితనం కింద రాసినవాళ్ళు ఉన్నారు. తోట కాపలాకు పోయి నెలల తరబడి కాలనీలో లేని మనిషి వారం వారం మీటింగుకు ఎట్లా వస్తుంది? రోజు కూలి రోజు అందని ఇంట్లో రోజుకు రూపాయి ఎట్లా తీస్తుంది? చేరిన చోట మాత్రం తేడా కనపడింది. 2004 తర్వాత పావలా వడ్డీ వచ్చింది. నూటికి నెలకు పావలా అంటే ఏడాదికి మూడు రూపాయలు. ఊళ్ళో నూటికి నెలకు ఐదు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి అరవై. ఇరవై రెట్లు. గుంపులో ఉన్న ఇల్లూ లేని ఇల్లూ ఒకే కూలి తెచ్చుకున్నా ఏడాది చివర ఒకచోట ఎందుకు ఉండవో ఇందులో ఉంది.

గుంపులో లేని ఇళ్ళకు వారం కిస్తీల మైక్రో ఫైనాన్సు కంపెనీలు వచ్చాయి. వాటి ఒత్తిడి భరించలేనంత అయ్యాక 2010 అక్టోబరులో రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చింది. రోజు వడ్డీ వాళ్ళు మాత్రం బండ్ల మీద ఇప్పటికీ తిరుగుతున్నారు. ఆ లెక్క మేము ఐదో తరగతిలో చేయిస్తాం. పదివేలు అని రాసుకుని చేతికి ఎనిమిది వేల ఐదొందలు ఇస్తారు అనుకుందాం. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వడ్డీ ఎంత? పిల్లలు పదిహేను వందలు అని చెబుతారు. అది సగం జవాబు. మొదటి రోజు నుంచే అసలు తీరుతూ వస్తుంది కాబట్టి వంద రోజులూ మన చేతిలో ఉన్న డబ్బు సగటున నాలుగు వేల పైచిలుకే. దాని మీద మూడు నెలల పది రోజులకు పదిహేను వందలు అంటే నూటికి నెలకు పది రూపాయలు దాటింది. నల్లబల్ల మీద ఈ అంకె వచ్చినప్పుడు తరగతి నిశ్శబ్దమవుతుంది, ఎందుకంటే ఆ బండి వాళ్ళ వీధిలోకీ వస్తుంది.

ఉపాధి హామీ పని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలై మా దాకా వచ్చింది. 2024-25లో రోజుకు గరిష్ఠంగా 300 రూపాయలు. వంద రోజులూ దొరికి, పూర్తి కూలి పడితే ఇంటికి ఏడాదికి 30,000. నెలకు 2,500. 2023 నుంచి కార్డు మీద మనిషికి ఐదు కిలోల బియ్యం ఉచితం. ఈ రెండూ కలిసినా కూర, నూనె, మందులు, బట్ట, కరెంటు బిల్లు మిగిలే ఉంటాయి. వేసవిలో నిమ్మ ధర పెరిగితే గూడూరు మార్కెట్టులో లారీలు బారులు తీరుతాయి. కాయ కోసే కూలి మాత్రం ధరతో పాటు పెరగదు.

ఇప్పుడు మా బడిలో పై తరగతి పిల్లలకు ఒక పని ఇస్తున్నాం. అరవై పేజీల నోటు పుస్తకంలో గీత కొట్టి, ఎడమ పక్క ఇంట్లోకి వచ్చింది, కుడి పక్క పోయింది, అమ్మను అడిగి రోజూ రాయాలి. డబ్బే కాదు, కాలువలో పట్టిన చేపలు, ఏరుకొచ్చిన కట్టెలు, అవ్వ తెచ్చిన ఆకుకూర కూడా వాటి బజారు ధర వేసి ఎడమ పక్క రాయాలి. మొదట్లో కొందరు తల్లులు మా సంసారం సంగతి బడికెందుకని కోప్పడ్డారు. తర్వాత వాళ్ళే రాత్రిపూట పిల్లలను కూర్చోబెట్టి చదివించుకోవడం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి చూస్తే ఎక్కువ పుస్తకాల్లో కుడి పక్క అన్నిటికన్నా పెద్ద అంకె తిండి కాదు, సారా కాదు, సెల్‌ఫోను కూడా కాదు. కిస్తీ. దాని తర్వాతిది ఆసుపత్రికి పోయి రావడానికి ఆటో బాడుగ.