పోరుమామిళ్ళ చెరువు: కట్ట, అలుగు

కడప జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువును విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించాడు. క్రీ. శ. 1369 నాటి శిలాశాసనం ఆ వివరాలు తెలుపుతుంది. దినానికి 1000 మంది కూలీలు, 100 బండ్లు, 2 సంవత్సరాలు పనిచేయవలసి వచ్చింది.

మంచి చెరువుకు కావలసిన 12 అంగాలు, ఉండరాని 6 దోషాలు ఈ శాసనంలో పేర్కొనబడ్డాయి. జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, కొండల నడుమ బిగువైన రాతికట్ట, మంచి రాతిగని అంగాలలో చేరినవి. కట్టనుండి నీరు ఊరడం, చవిటినేల దోషాలు.

వీటికి కారణమేమి? నీరు ఊరేచోట మట్టిరేణువులు కొట్టుకొనిపోయి కట్టలో బొరియ ఏర్పడుతుంది. సోడియం అధికంగా గల చవిటిమన్ను నీటిలో సులభంగా విడిపోతుంది. అలల తాకిడికి కట్ట కోసుకొనిపోకుండా లోపలి వాలున రాళ్ళు పరుస్తారు.

అన్నిటికన్న పెద్ద అపాయం నీరు మట్టికట్టపై పొర్లడం. ప్రవాహవేగం రెట్టింపయితే మట్టిపై దాని ఒరిపిడి ఇంచుమించు నాలుగు రెట్లవుతుంది. వెనుక వాలున జారే నీరు కొద్ది గంటలలోనే కట్టను తెంచగలదు. కాబట్టి మిగులు నీటికి కట్ట తలకన్న పల్లంగా, గట్టి రాతినేలపై వేరు దారి ఉండాలి. అదే అలుగు, కొన్నిచోట్ల కలుజు అనీ, మత్తడి అనీ అంటారు.

2021 నవంబరు 19న ఇదే జిల్లాలో చెయ్యేటిపైనున్న అన్నమయ్య జలాశయంలో, వరదకు గేట్ల దారి చాలక నీరు మట్టికట్టపై పొర్లింది. కట్ట కొట్టుకొనిపోయి దిగువ గ్రామాలలో ప్రాణనష్టం కలిగింది. ఎక్కువ నీరు నిలుపుదామని ఊరి చెరువు అలుగును ఇసుక బస్తాలతో ఎత్తుచేయడం కూడా ఇట్టి అపాయాన్నే తెస్తుంది.