ఆటగాని జీతము, ఆటగాని చోటు

మన మక్తలు ప్రాంతమున ఉగాది దగ్గఱపడగనే ప్రతి గ్రామములోను ఒక ముచ్చట వినబడుచుండెడిది. ఈ యేడు ఎవడు ఎవరి యింట జీతమునకు నిలుచును, ఏ జీతగానిని ఏ పటేలు మానిపించును అనునదే ఆ ముచ్చట. ఇరువదేండ్లు ఒకే యింట నాగలి పట్టినవానికి నడుము వంగిన పిమ్మట, యజమాని వానిని సూటిగా పొమ్మనడు. “ఒక పల్ల జొన్నలు తగ్గించుకొని ఉండరాదురా” అనును. పెద్దలారా, ఆ మాట విన్నవాని మనస్సులో కలుగు ప్రశ్న మీకు తెలియనిది కాదు. తక్కువకు ఒప్పుకొనినచో చోటు నిలుచునా? లేక ఈ యేడు జొన్నలును, వచ్చు నేడు చోటును, రెండును పోవునా?

నేను నేడు చెప్పదలచినది బంతియాట ఆడి బ్రతుకువారి సంగతి. ఆట పిల్లల పని గదా, పెద్దలకెందుకు అని మీరనవచ్చును. కాని కాళ్ల బలముతో బ్రతుకు ప్రతివానికిని ఈ ప్రశ్న యొక్కటే. ఆటగాండ్ర విషయమున ఆ లెక్కలు పత్రికలలో అచ్చుపడినవి గనుక, మన జీతగాండ్ర విషయమున దొరకని చరిత్ర అక్కడ అంకెలతో సహా దొరకును. దూరదేశముతో మొదలుపెట్టి హైదరాబాదునకు వచ్చెదను.

అమెరికాలో ఫుట్‌బాలు అని పిలుచు ఆట మన మెఱిగిన కాలిబంతి కాదు. రెండు కొనలు సన్నముగానున్న బంతిని చంకన నొత్తిపట్టుకొని, ఎదుటి జట్టు మనుష్యుల నడుమనుండి దూసుకొని పోవుట అందు ముఖ్యము. అట్లు పరుగెత్తువానిని రన్నింగ్ బ్యాక్ అందురు. బంతి వాని చేతికి వచ్చిన ప్రతిసారియు ఎదుటి పదునొకండుగురును వాని మీద పడుదురు. అందుచేత తక్కినవారికంటె వాని దేహము త్వరగా అరిగిపోవును. ముప్పది యేండ్లు నిండకముందే వానిని ముసలివానిక్రింద లెక్కింతురు. 1994 నుండి ఆ దేశపు జట్లు ఇచ్చు జీతముల మొత్తమునకు హద్దు ఏర్పడినది. 2024లో ఆ హద్దు జట్టొకటికి 25 కోట్ల 54 లక్షల డాలర్లు. పట్టీలో ఉండదగినవారు 53 మంది. ఒకని పాలు పెరిగిన నింకొకని పాలు తగ్గవలసినదే. ఒప్పందము నాలుగేండ్లకు వ్రాసికొనినను, జామీను పడిన సొమ్ము తప్ప తక్కినదంతయు, జట్టువారు ఉంచుకొనినప్పుడే చేతికి వచ్చును.

గ్రీన్ బే అను పట్టణపు జట్టులో ఏరన్ జోన్సు అను రన్నింగ్ బ్యాక్ 2017లో చేరెను. మంచి ఆటగాడు. 2021లో నాలుగేండ్లకు 4 కోట్ల 80 లక్షల డాలర్ల ఒప్పందము పొందెను. 2023 వచ్చుసరికి ఆ యేటికి అతనికి ఇయ్యవలసినది 1 కోటి 60 లక్షలు. అందులో 50 లక్షలు తగ్గించుకొని జట్టులో నిలిచెను. ఆ సంవత్సరము దెబ్బలు తగిలి కొన్ని ఆటలకు దూరమైనను, చివరి అయిదు ఆటలలో వరుసగా, ఒక్కొక్క ఆటకు నూఱు గజములకు మించి పరుగెత్తెను. ఇంతకంటె ఋజువేమి కావలెను? అయినను 2024 మార్చిలో ఇంకను తగ్గించుకొమ్మనిరి. అతడు ఒప్పుకొనలేదు. జట్టువారు అతనికంటె చిన్నవాడైన జోష్ జేకబ్సు అనువానిని తెచ్చుకొని, ఇతనిని వదలివేసిరి. పొరుగు రాష్ట్రమైన మిన్నెసోటా జట్టు ఒక్క యేటికి 70 లక్షలకు అతనిని చేర్చుకొనెను.

ఇక్కడ ఒక విశేషము చెప్పవలసియున్నది. ఆ దేశములో తక్కిన జట్లకు కోటీశ్వరులు యజమానులు. గ్రీన్ బే జట్టునకు మాత్రము అట్టి యజమాని లేడు. 1923 నుండి అది వాటాలు కొన్న సామాన్యజనుల సొత్తు. దొర లేని చోట గూడ తీర్పు మాఱలేదు. కనుక ఒక యజమాని మంచితనము, చెడ్డతనము ఇందులో అసలు సంగతి కాదని నా యభిప్రాయము. కోతకు ఒప్పుకొనినవానికి ఆ కోతకు బదులుగా ఏమి వ్రాసియిచ్చిరి అనునదే చూడవలెను. జోన్సు 50 లక్షలు వదలుకొని కొన్నది ఒక్క యేటి చోటు మాత్రమే.

ఇంగ్లాండులో కథ దీనికి తలక్రిందులు. మన మెఱిగిన కాలిబంతికి పుట్టినిల్లు ఆ దేశమే. అక్కడ 1901లో ఆటగానికి వారమునకు 4 పౌనులకు మించి ఇయ్యరాదని సంఘమువారు కట్టడి చేసిరి. మొదటి మహాయుద్ధము ముగిసిన పిదప 1920లో ఆ హద్దు 9 పౌనులాయెను. దేశములో వ్యాపారము దెబ్బతినగా 1922లో దానిని 8 పౌనులకు దింపిరి. ఆట లేని వేసవి నెలలలో 6 పౌనులే. ఎంతటి వీరుడైనను ఆ కోత తప్పలేదు. ఆడినను ఆడకున్నను కోత యని లోపల గొణుగుకొనుట తప్ప వారు చేయగలిగినది లేకపోయెను.

ఎందుకనగా, ఏటేట వేసవిలో ప్రతి జట్టును ఒక పట్టీ వ్రాసి సంఘమునకు పంపెడిది. ఉంచుకొనదలచినవారి పేర్లు అందుండెడివి. ఆ పట్టీకెక్కినవాడు ఇతర జట్టులో ఆడరాదు. జట్టువారిచ్చు జీతము నచ్చక చేవ్రాలు చేయకున్నచో జీతమే లేదు. అనగా ఆడకయు పస్తుండవలెను, వెళ్లుటకును వీలులేదు. న్యూకాసిలు జట్టు ఆటగాడు జార్జి ఈస్టమ్ 1960లో ఈ పద్ధతికి ఎదురుతిరిగి, సీసా బిరడాలకు వాడు బెండు అమ్ము వ్యాపారములో చేరి కొన్ని నెలలు బ్రతికెను. తుదకు ఆ యేటనే అతనిని ఆర్సెనల్ జట్టునకు ఇచ్చివేసిరి. జట్టు దొరికినది గదా యని అతడు ఊరకుండక దావా నడపెను. ఈ నడుమ 1961 జనవరిలో జీతపు హద్దును ఎత్తివేసిరి. అప్పటికది 20 పౌనులు. 1963 జూలైలో న్యాయాధిపతి, ఉంచుకొను పట్టీ పద్ధతి మనుష్యుని పనిచేసికొను స్వేచ్ఛకు అన్యాయమైన ఆటంకమని తీర్పు చెప్పెను.

ఇది వినగానే మీలో వృద్ధులకు భాగేలాల సంగతి తోచియుండును. అప్పు క్రింద జీతమునకు నిలిచి, అప్పు తీరువఱకు ఇంకొక యింట కాలు పెట్టరానివాడు భాగేలా. వానికి చోటు పోవునను భయమే లేదు! వదలరు గదా. తండ్రి చేసిన అప్పునకు కొడుకు కూడ ఆ యింటనే నాగలి పట్టెను. ఈ ఒడంబడికలను అదుపుచేయుటకు నిజాము ప్రభుత్వము 1936లో ఒక చట్టము చేసెను. చట్టము పుస్తకములోనికి వచ్చినంత త్వరగా పొలములోనికి రాలేదు. నేను చెప్పదలచిన దేమనగా, చోటు స్థిరమైనంత మాత్రమున అది మేలు కాదు. కట్టివేసిన పశువునకును చోటు స్థిరమే.

పోగొట్టుకొను భయము నొకవైపు, కట్టుబడి యుండు దుఃఖము నొకవైపు చూచితిమి. ఈ రెంటికి నడుమ మూడవదారి యొకటి మన హైదరాబాదులోనే యుండెను. అది నగర పోలీసు జట్టు. ఆ పోలీసు శాఖ మన పాలమూరు వారికి పరాయిది కాదు. వనపర్తి సంస్థానమునకు చెందిన రాయణిపేట గ్రామమున పుట్టిన రాజా బహద్దరు వేంకటరామారెడ్డిగారు 1920 నుండి 1934 వఱకు నగరమునకు కొత్వాలు. జట్టునకు కీర్తి వచ్చినది ఆయన తరువాతి కాలమున.

1948 సెప్టెంబరులో రాజ్యము మాఱెను. 1949లో జాగీర్లు రద్దయ్యెను. జాగీరుల కచ్చేరీలలో తరతరములుగా నౌకరి చేసినవారు పలువురు వీధినపడిరి. పోలీసు జట్టు మాత్రము చెదరలేదు. 1950 మొదలు 1954 వఱకు బొంబాయిలో జరుగుచుండిన రోవర్సు కప్పును వరుసగా అయిదేండ్లు గెలిచిరి. 1950లోనే ఢిల్లీలో డ్యూరాండు కప్పును, కలకత్తావారి మోహన్ బగాన్ జట్టును ఓడించి, తెచ్చిరి. 1954లో మఱల తెచ్చిరి. ఆ జట్టునకు 1950 నుండి శిక్షకుడు సయ్యదు అబ్దుల్ రహీం. ఆయన వృత్తి బడిపంతులు. బంతిని కాలిదగ్గఱ నిలుపుకొని విన్యాసములు చేయక, వెంటనే పక్కవానికి అందించు ఆటను నేర్పెను. అట్టి ఆట చూపఱకు అందమును, ఆడువాని కాళ్లకు ఆదాయును. వయస్సు మీఱుచున్నవానికి ఇంతకు మించిన మందు లేదు. భారత జట్టునకు గూడ ఆయనయే గురువై, 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడలలో బంగారు పతకము తెప్పించెను. 1956లో మెల్బోర్ను ఒలింపిక్కులలో మనవారు నాలుగవ స్థానమున నిలిచిరి.

ఈ వీరులకు వచ్చినదెంత? పోలీసు కొలువునకు వచ్చు జీతమే. అది కొద్దిపాటిది. బంతికొక వెల, గెలుపునకొక వెల కట్టి లెక్కించినచో వారు నిలువునా నష్టపోయినట్లే. కాని ఆటగాడుగా చేరినవాడు కాళ్లు సన్నగిల్లిన నాడు పోలీసుగానే మిగిలెను. ఠాణాలో పని యుండెను. నెల తిరుగగనే జీతము, నౌకరి ముగిసిన పిదప వజీఫా. నా లెక్క ప్రకారము వీరు జీతపు కోతను మొదటి దినముననే ఒప్పుకొనిరి; దానికి బదులు బ్రతుకంతటికిని చోటు తీసికొనిరి. అమెరికా ఆటగానిని అడుగునది చివరి దినమున, అప్పటికి బేరమాడుటకు అతనివద్ద మిగిలినది తక్కువ. కోత రెండుచోట్లను కోతయే. ఎప్పుడు అడిగిరి, బదులేమిచ్చిరి అనుటలో భేదమున్నది.

అయితే పోలీసు కొలువు అందఱికిని దొరకునది కాదు. ఆటగాండ్రను కొలువులోనికి తీసికొనుట తగ్గినకొలది హైదరాబాదు ఆటయు తగ్గిపోయెను. మఱియు కొద్ది జీతముతో తృప్తిపడనివారు కలకత్తాకు పోయిరి. దానిని తప్పనలేము. మన మక్తలు, నారాయణపేట గ్రామములవారు బొంబాయికి, పూనాకు, ఆనకట్టలు కట్టు చోట్లకు పోలేదా? మేస్త్రీ బయానా ఇచ్చునప్పుడు ముందుగా పిల్లవాండ్ర చేతులు చూచును, ముసలివానికి సగము కూలి చెప్పును. ఆ ముసలివాడును పోవును. ఇంట కూర్చుండిన సగమైనను రాదు గదా.

కలకత్తాకు పోయినవారిలో తులసీదాసు బలరాముని గూర్చి కొంచెము చెప్పవలెను. 1936లో సికిందరాబాదు దగ్గఱ అమ్ముగూడలో బీదయింట పుట్టెను. పోలీసువారు పాఱవేసిన పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టువాడు తయారుచేసిన జతయే తన మొదటి బూట్లని ఆయన తరువాత చెప్పుకొనెను. రహీం కంటబడెను. అమ్ముగూడనుండి నగరమునకు వచ్చి అభ్యాసము చేయుటకు డబ్బు లేదనగా, రహీం సైకిలు బాడుగకు ఏర్పాటు చేసెను. హైదరాబాదు జట్టు 1956లోను 1957లోను సంతోష్ ట్రోఫీ గెలిచినది, బలరాముడందులో ఆడెను. 1957లో కలకత్తాలోని ఈస్టు బెంగాలు జట్టులో చేరెను. 1960లో రోము ఒలింపిక్కులలో హంగెరీమీదను పెరూమీదను గోలు కొట్టెను. 1961లో ఈస్టు బెంగాలునకు నాయకుడై కలకత్తా లీగు గెలిపించెను. 1962లో జకార్తా బంగారు పతకము, ఆ యేటనే అర్జున పురస్కారము.

పేరు అంత పెద్దదైనను అది కడుపు నింపు కాలము కాదు. ఆ దినములలో కలకత్తా జట్లు పైకి వేతనము లేనివి; లోపల ఇచ్చునది ఆట నడచినంత వఱకే. 1963లో బలరాముడు బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టునకు మాఱెను. ఇది కూడ మన పోలీసు జట్టు వంటిదే. ఆటతోపాటు రైల్వే కొలువు. కీర్తి చూచినచో దిగువ మెట్టు. అభిమానులలో కొందఱికి అది కష్టముగ తోచియుండును. ఆ యేటనే ఊపిరితిత్తుల పొరకు వాపు వచ్చి, వైద్యులు ఆట మానుమనిరి. ఆ యేడే జూన్ 11న రహీం హైదరాబాదులో క్యాన్సరు వ్యాధితో కన్నుమూసెను.

బలరామునికి అప్పుడు వయస్సు 27 ఏండ్లకు లోపలనే. పెద్ద జట్టునే నమ్ముకొని యుండినచో ఆ రోగమునాడు చేతిలో ఏమియుండెడిదో మీరే ఊహింపుడు. రైల్వేలో ఆయన చోటు పోలేదు. ఆ జట్టునకే పిదప శిక్షకుడుగా పనిచేసెను, కుఱ్ఱవాండ్రకు ఆట నేర్పెను. హుగ్లీ నది యొడ్డున ఉత్తరపాడాలో కాపురముండి, 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో మరణించెను. బూట్లు విప్పిన నాటినుండి ఆ దినమునకు అఱువదేండ్లు.