లేదనుకున్న ఎంజైము

మన శరీరములోని దాదాపు అన్ని కణములలోనూ ఉండే డీఎన్‌ఏ ఒక్కటే. అయినా కాలేయకణము కాలేయకణముగానే, నాడీకణము నాడీకణముగానే నిలిచి ఉండుటకు ఒక కారణము, డీఎన్‌ఏపై అక్కడక్కడ అతుక్కొని ఉండే మిథైల్ సమూహములు. ఇవి చాలాచోట్ల జన్యువులను నిద్రపుచ్చుతాయి. కణము విభజన చెందేటపుడు ఈ గుర్తులను కొత్త డీఎన్‌ఏ పోగుపై నకలు చేసే ఎంజైము పేరు డీఎన్‌ఎంటీ1.

ఈ ఎంజైమును కనుగొనుటకు పరిశోధకులు ప్రతిరక్షకములను, అనగా యాంటీబాడీలను వాడుతారు. కణములలోని ప్రోటీనులను పరిమాణమును బట్టి వేరుచేసి, ఒక పలుచని పొరపైకి చేర్చి, ప్రతిరక్షకముతో తడిపితే ఎంజైము ఉన్నచోట ఒక పట్టీ కనిపిస్తుంది. దీనిని వెస్టర్న్ బ్లాట్ అంటారు. అయితే ప్రతిరక్షకము ఎంజైమును మొత్తముగా చూడదు. అందులోని ఒక చిన్న భాగమును మాత్రమే గుర్తుపడుతుంది. ఈ సంగతి గుర్తుంచుకొని ముందుకు చదవండి.

1992లో చిట్టెలుకలలో ఈ జన్యువును దెబ్బతీసినపుడు పిండములు బ్రతకలేదు. 2000లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు హెచ్‌సీటీ116 అనే పెద్దప్రేగు క్యాన్సరు కణములలో అదే జన్యువులోని కొంత భాగమును తొలగించారు. ఆశ్చర్యముగా కణములు బ్రతికాయి. మిథైలేషన్ సుమారు 20 శాతము మాత్రమే తగ్గినది. మరి మనుష్యుల కణములకు ఈ ఎంజైము అక్కరలేదా?

2006, 2007లలో వెలువడిన పరిశోధనలు ఈ చిక్కును విప్పాయి. తొలగించిన భాగమును దాటవేసి, మిగిలిన జన్యుసందేశముతో ఆ కణములు ఒక పొట్టి ఎంజైమును కొద్దిగా తయారుచేసుకొంటున్నాయి. పోయినది ముందుభాగము, మిథైల్ సమూహమును అతికించే చివరిభాగము పదిలముగానే ఉన్నది. ముందుభాగమును గుర్తుపట్టే ప్రతిరక్షకమునకు ఈ పొట్టి ఎంజైము కనిపించదు. తరువాతి భాగమును గుర్తుపట్టేదానికి కనిపిస్తుంది. 2007లోనే మరొక బృందము ఎంజైమును పూర్తిగా తొలగించగా, కణములు విభజన సమయములో నశించాయి.

ఇది ప్రయోగశాలకే పరిమితమైన విషయము కాదు. ఎముకమజ్జ వ్యాధులలో వాడే డెసిటబిన్ ఈ ఎంజైమును డీఎన్‌ఏపైనే బంధించి క్షీణింపజేస్తుంది. ఆ మందు ప్రభావమును పరిశోధనలలో తెలుసుకొనుటకు చూసేది కూడా ఈ పట్టీనే. పట్టీ మాయమైతే ఎంజైము పోయినదా, లేక మన ప్రతిరక్షకమునకు కనిపించలేదా అని విచారించాలి.

మీ చేతికి వచ్చే రిపోర్టులకు కూడా ఇదే వర్తిస్తుంది. హెచ్‌ఐవీ సోకిన తొలివారములలో యాంటీబాడీ పరీక్ష నెగటివ్ రావచ్చును. ‘కనిపించలేదు’ అన్న మాటకు ‘లేదు’ అని అర్థము చెప్పుకొనే ముందు, ఆ పరీక్ష దేనిని చూడగలదో మీ వైద్యుని అడిగి తెలుసుకొనండి.