ఒక గడి, ఒక వరుస, ఒక రంగు

లెక్కల పట్టికలో అంకెను బట్టి వరుస రంగు మారిపోయే ఏర్పాటును కంప్యూటరు వాడుకలో కండిషనల్ ఫార్మాటింగు అంటారు. సరుకు నిల్వ తగ్గితే ఎరుపు, గడువు దగ్గరపడితే పసుపు, పని పూర్తయితే ఆకుపచ్చ. ఆఫీసుల్లో పనిచేసేవారిలో దీన్ని ఎరుగనివారు అరుదు. అయితే ఈ ఆలోచన కంప్యూటరు కంటే పాతదనీ, దాని చరిత్రలో ఒక అధ్యాయం మా విశాఖపట్నం తీరాన కనబడుతుందనీ నాకు చాలాకాలంగా అనిపిస్తూ వచ్చింది. ఆ ఆలోచనను ఈ టపాలో ఒక క్రమంలో పెట్టడానికి ప్రయత్నిస్తాను.

ముందు యంత్రం కథ. డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు రూపొందించిన విజికాల్క్ 1979లో ఆపిల్-2 కంప్యూటరు మీద వచ్చింది. 1983లో లోటస్ 1-2-3, 1985లో మెకింటాష్ కంప్యూటరు కోసం ఎక్సెల్ వచ్చాయి. రుణాంకెలు ఎర్రగా కనబడేలా చేసే వీలు ఎక్సెల్‌లో ముందునుంచే ఉండేది. కానీ అది అంకెకు మాత్రమే పూసే రంగు. షరతు పెట్టి గడి రూపాన్నే మార్చే సదుపాయం ఎక్సెల్ 97తో వచ్చింది. అప్పట్లో ఒక గడికి మూడు షరతులకు మించి పెట్టడానికి వీల్లేదు. మూడు షరతులకు మూడు రంగులు, ఏదీ వర్తించకపోతే మామూలు రూపం, వెరసి నాలుగు స్థితులు. 2007 నాటి ఎక్సెల్ ఆ పరిమితిని తొలగించింది.

గడికి రంగు వేయడం తేలికే. వరుస మొత్తానికి వేయాలంటే ఒక చిన్న కిటుకు కావాలి. సూత్రంలో నిలువు వరుసను సూచించే అక్షరానికి ముందు డాలరు గుర్తు పెట్టి దాన్ని కట్టేయాలి. అడ్డు వరుస అంకెను మాత్రం స్వేచ్ఛగా వదిలేయాలి. అప్పుడు ఆ వరుసలోని ప్రతి గడీ తన సొంత విలువను చూసుకోవడం మాని, ఆ ఒక్క నిలువు వరుసలోని విలువనే చూసి రంగు మార్చుకుంటుంది. అంటే తీర్పు చెప్పేది ఒక గడి, రంగు పడేది వరుస మొత్తానికి. నేను చెప్పదలచుకున్నదంతా ఈ డాలరు గుర్తులోనే ఉంది. షరతు ఏమిటి, రంగు ఏమిటి అని అందరూ అడుగుతారు. ఏ గడి తీర్పు చెప్పింది, ఆ తీర్పు ఎంత మేరకు పరచుకుంది అన్న ప్రశ్న మాత్రం తరచూ వెనకబడిపోతుంది.

ఇక విశాఖ తీరానికి వద్దాం. 1864 అక్టోబరు 5న కలకత్తాను ఒక భయంకరమైన తుపాను ముంచెత్తింది. ఆ మరుసటి ఏడే, అంటే 1865లో, కలకత్తా రేవులో తుపాను హెచ్చరికల ఏర్పాటు మొదలైంది. భారత వాతావరణ శాఖ ఏర్పడింది 1875లో. మొదట్లో ఒక్కో రేవుకు ఒక్కో పద్ధతి ఉండేది. దేశంలోని రేవులన్నిటికీ ఒకే రకమైన సంకేతాలు 1898లో అమల్లోకి వచ్చాయి. విశాఖ రేవు వీటన్నిటికంటే చిన్నది. జలదుర్గ అనే ఓడ 1933 అక్టోబరు 7న లోపలికి రావడంతో దాని చరిత్ర మొదలవుతుంది. తుపాను హెచ్చరిక కేంద్రం ఈ నగరంలో 1974లో ఏర్పడింది.

రేవు సంకేతాలు 1 నుంచి 11 వరకు ఉంటాయి. పగలైతే స్తంభం మీద శంకువులు, స్తూపాకారాలు ఎగరేసేవారు. రాత్రయితే ఎరుపు, తెలుపు దీపాలు వేలాడదీసేవారు. ఇక్కడ ఒక విశేషం గమనించాలి. పగటి సంకేతానికి రంగును నమ్ముకోలేదు, ఆకారాన్ని నమ్ముకున్నారు. మబ్బూ జల్లూ కమ్మిన సముద్రం మీద, అంత దూరం నుంచి చూసే నావికుడికి రంగు తెలియకపోయినా ఆకారం తెలుస్తుంది. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని కళ్ళు కొందరికి ఉంటాయన్న సంగతి కూడా తెలిసిందే. జాన్ డాల్టన్ తన సొంత చూపులోని ఈ లోపం గురించి 1794లోనే వ్యాసం రాశాడు. నేటి పట్టికల్లో కేవలం రంగుతో సరిపెట్టేవారు రేవువారి ఈ జాగ్రత్తను గుర్తు చేసుకోవడం మంచిది.

ఈ అంకెల అర్థం మరీ ఆసక్తికరం. 1, 2 సంకేతాలు దూరాన, నడిసముద్రంలో ఉన్న వాయుగుండం గురించీ తుపాను గురించీ చెబుతాయి. 3, 4 సంకేతాలు రేవుకే గాలివాన ముప్పు ఉందని హెచ్చరిస్తాయి. 5, 6, 7 ప్రమాద సంకేతాలు. 8, 9, 10 మహా ప్రమాద సంకేతాలు. బయటి ప్రపంచంతో సంబంధాలు తెగిపోతే 11. అంకె పెరిగితే ప్రమాదం పెరిగినట్టే అని మనం అనుకుంటాం. నిజానికి 8కీ 9కీ మధ్య తేడా తీవ్రతలో లేదు, దిక్కులో ఉంది. తుపాను నడిచే దారికి రేవు ఎడమ పక్కన ఉంటే 8, కుడి పక్కన ఉంటే 9. తుపాను రేవు మీదుగా గాని, దానికి బాగా చేరువలో గాని తీరం దాటేట్టయితే 10. ఐదు, ఆరు, ఏడులకూ ఇదే వరస. మన తూర్పు తీరానికి ఈ దిక్కు చిన్న విషయం కాదు. పడమరగా వచ్చే తుపానుకు కుడి పక్కన గాలి సముద్రం మీదనుంచి నేలమీదికి వీస్తుంది, ఉప్పెన ముంచేది ఆ పక్కనే. ఒక్క అంకెలో ఎంత తీవ్రం, ఎటు పక్క అనే రెండు సమాచారాలను మడిచి పెట్టారన్నమాట.

ఆ అంకెలు ఓడలవారి కోసం పుట్టాయి. ఊళ్ళలో ఉండేవారికి, అధికారులకు వేరే భాష అవసరమైంది. 2006లో, వర్షాకాలం తరువాతి తుపానుల రుతువు నుంచి, వాతావరణ శాఖ తుపాను బులెటిన్లకు రంగులు జోడించింది. ప్రతికూల వాతావరణం మొదలవడానికి కనీసం 48 గంటల ముందు ఇచ్చే అప్రమత్తతకు పసుపు. కనీసం 24 గంటల ముందు ఇచ్చే హెచ్చరికకు నారింజ. తుపాను తీరం దాటడానికి కనీసం 12 గంటల ముందు, నేల మీదికి వచ్చాక దాని ప్రభావం ఎలా ఉంటుందో చెప్పే బులెటినుకు ఎరుపు. ఇక్కడ రంగును నిర్ణయించే గడి గాలి వేగం కాదు, మిగిలిన సమయం.

అవే రంగులు జిల్లాలవారీ వాన హెచ్చరికల్లోనూ కనబడతాయి. అక్కడ వాటి అర్థం వేరు. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 దాటితే అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ అని వర్గాలున్నాయి. కానీ రంగు ఈ అంకెలకు యాంత్రికంగా అంటుకోదు. వాన పడే అవకాశం ఎంత, పడితే జరిగే నష్టం ఎంత అన్న రెండూ కలిపి చూస్తారు. ఆకుపచ్చ అంటే చేయవలసిందేమీ లేదని, పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే రంగంలోకి దిగమని. ఇది వాన కొలత కాదు, మనం చేయవలసిన పనికి గుర్తు. ఒకే ఎరుపు ఒక పట్టికలో గంటల లెక్క, మరో పట్టికలో కర్తవ్యం. తీర్పు చెప్పిన గడి ఏదో తెలియకుండా రంగును మాత్రమే చూసేవారు రెండింటినీ ఒకటనుకునే ప్రమాదం ఉంది.

2014 అక్టోబరు 12 మధ్యాహ్నం హుద్‌హుద్ విశాఖ మీదనే తీరం దాటింది. గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. రేవులో 10వ నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. అంకె, రంగు, ఊరు మూడూ ఒకే చోట కలిసిన రోజది. అలాంటి రోజున ఏ గడి తీర్పు చెప్పిందన్న ప్రశ్నకు తావుండదు.

తావున్న రోజులు 2020లో వచ్చాయి. కోవిడ్ లాక్‌డౌన్ కాలంలో, ఏప్రిల్ 30న, కేంద్ర ఆరోగ్య శాఖ దేశంలోని జిల్లాలను ఎరుపు, నారింజ, ఆకుపచ్చ జోన్లుగా విభజించిన జాబితా పంపింది. మన రాష్ట్రంలో అప్పటికి 13 జిల్లాలు. అయిదు ఎరుపు, ఏడు నారింజ, ఒకటి ఆకుపచ్చ. ఆ ఒక్కటీ విజయనగరం. దాని పక్కనే ఉన్న విశాఖపట్నం నారింజ. కేసులు అసలే లేకపోయినా, గత 21 రోజుల్లో కొత్తవి రాకపోయినా ఆకుపచ్చ. ఎరుపును నిర్ణయించడానికి చికిత్సలో ఉన్న కేసులు, అవి రెట్టింపయ్యే వేగం, పరీక్షల విస్తృతి వంటివి చూశారు. మే 4 నుంచి ఆకుపచ్చ జిల్లాలో సగం సీట్లతో బస్సులు నడపవచ్చు, నారింజ జిల్లాలో నడపరాదు. దేశమంతా ఒక పట్టిక, జిల్లా ఒక అడ్డు వరుస, వరుసకొక రంగు. కండిషనల్ ఫార్మాటింగుకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు కనబడలేదు.

2011 జనగణన ప్రకారం నాటి విశాఖపట్నం జిల్లాలో దాదాపు 43 లక్షల మంది ఉన్నారు. విస్తీర్ణం 11 వేల చదరపు కిలోమీటర్లకు పైనే. రేవు చుట్టూ ఉన్న ఇరుకు వీధులూ, ఉక్కునగరం క్వార్టర్లూ, అనకాపల్లి బెల్లం మార్కెట్టూ, పాడేరు, అరకు కొండల మీది గిరిజన గూడేలూ అన్నీ ఆ ఒక్క వరుసలోవే. వరుసకు నారింజ పడితే అన్నిటికీ నారింజే. జిల్లా సరిహద్దుకు అటు ఉన్న ఊరికి బస్సు, ఇటు ఉన్న ఊరికి లేదు. కేసులున్న చోట్లను కట్టడి ప్రాంతాలుగా విడిగా గుర్తించే ఏర్పాటు ఉండేది గనుక, వరుసలోపల గడులు వేరువేరని పాలకులకు తెలియదని అనలేం. అయినా బస్సు విషయంలో మాట చెల్లింది వరుస రంగుదే. మే 18 నుంచి జోన్లను నిర్ణయించే అధికారాన్ని రాష్ట్రాలకు అప్పగించారు.

నేను తప్పు పట్టడానికి ఈ సంగతి ఎత్తలేదు. కోట్ల మందికి వేగంగా ఒక మాట చెప్పాలంటే రంగును మించిన సాధనం లేదు. కానీ రంగు వేసే ముందు వరుసను ఎక్కడ కత్తిరించామన్నది, షరతు ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. 2022 ఏప్రిల్ 4న ఆ జిల్లా విడిపోయింది. విశాఖపట్నం, అనకాపల్లి జిల్లాలు విడివిడిగా ఏర్పడ్డాయి. కొండ ప్రాంతం, తూర్పు గోదావరి జిల్లాలోని రంపచోడవరం ప్రాంతంతో కలిసి, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. ఆ తరువాత వచ్చిన వాన హెచ్చరికల పట్టికలో మునుపు ఒక్క రంగు పడే చోట మూడు రంగులు పడే వీలు కలిగింది. వాన మారలేదు, షరతులు మారలేదు, వరుసలు మారాయి.

పట్టికలు తయారుచేసే మిత్రులకు నా మనవి ఒక్కటే. వరుసకు రంగు వేసినప్పుడు, ఏ నిలువు వరుసను చూసి వేశారో పట్టిక పైనే ఒక మాట రాయండి. రంగు కింద అంకె కనబడేలా ఉంచండి. ఒక వరుసలో ఎవరెవరిని కలిపి కూర్చోబెట్టారో మరొక్కసారి చూడండి. ఆ వరుసలో ఉన్నవారికి డాలరు గుర్తు ఎక్కడుందో కనబడదు. వాళ్ళకు కనబడేది తమ మీద పడిన రంగు ఒక్కటే.